ఎనిమిది వందల ముఖాలు, ఒకే కోత

జాన్ బాషా తాత ఎవరినైనా కెమెరా ముందు కూర్చోబెట్టాడంటే, తమ మెడ మీద తలకాయ ఒకటుందనీ, అది ఇన్నాళ్ళూ సరిగ్గా పెట్టి లేదనీ వాళ్ళకి అప్పుడే తెలిసేది. "కొంచెం ఎడమకి. అంత కాదు. ఆఁ, ఇప్పుడు ఊపిరి వదిలెయ్. మొత్తం వదిలెయ్యకు." ఇలా తిప్పీ తిప్పీ మనిషిని మెత్తగా చేసేవాడు. పెళ్ళిచూపుల ఫోటోకని వచ్చిన ఆడపిల్లలు ఫోటో అయ్యేసరికి అసలు పెళ్ళే వద్దనుకునే స్థితికి వచ్చేవాళ్ళు. కానీ ఫోటో చేతికి అందాక నోరెత్తేవాళ్ళు కాదు. అద్దం ఇన్నేళ్ళూ తమతో అబద్ధం చెప్పిందనుకుని ఇంటికి పోయేవాళ్ళు.

ఆయన నాన్న మాబు సాహెబ్ దూదేకి పరుపులు కుట్టేవాడు. భుజాన విల్లు వేసుకుని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ముక్కులోకి దూది పోతోందని కొడుకు ఆ విల్లు పట్టనన్నాడు. గుంటూరు పోయి కెమెరా నేర్చుకొచ్చాడు. "నేను కుట్టిన పరుపు మీద జనం పడుకుంటారు. నువ్విచ్చే కాగితమ్ముక్క మీద ఎవడు పడుకుంటాడ్రా?" అని మాబు సాహెబ్ చాలాకాలం దెప్పాడు. తర్వాత తనే వచ్చి తలపాగా చుట్టుకుని ఫోటో దిగాడు.

ప్రత్తిపాడు సెంటర్లో, ఎరువుల కొట్టుకీ సైకిల్ షాపుకీ మధ్య ఒక్క గది. అదే నూర్ స్టూడియో. అందులో తాతకి ఒక నియమం ఉండేది. ఫోటోలోకి ఏం రావాలో బటన్ నొక్కకముందే తేల్చుకోవాలి. వచ్చాక కత్తిరించకూడదు. "లోపలికి రానిచ్చాక గెంటెయ్యకూడదు, మనిషినైనా మేకనైనా" అనేవాడు. నిజంగానే ఆయన తీసిన ఒక పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు పక్కన మేక ఉంది. ఎవరడిగినా దాన్ని తీసెయ్యలేదు.

ఫిల్మ్ రోజులు పోయాయి. తాత చిన్న కూతురు ఉజ్మా గుంటూరులో కంప్యూటర్ కోర్సు చదివి, ఇంట్లో పోరు పెట్టి, స్టూడియోలో ఒక డిజిటల్ కెమెరా, ఒక కంప్యూటర్ పెట్టించింది. తాతకి కంప్యూటరంటే భయం లేదు. మౌసునే నమ్మేవాడు కాదు. దాన్ని పట్టుకుంటే కుందేలు పిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. గట్టిగా నొక్కితే చస్తుందేమోనన్నట్టు.

అయినా పని తగ్గుతూనే వచ్చింది. కుర్రకారంతా బస్సెక్కి గుంటూరు పోయి, టీ తాగేలోగా ఫోటో చేతిలో పెట్టే స్టూడియోల్లో దిగుతున్నారు. గది యజమాని త్రినాథ్ ఒకరోజు టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలిచాడు. పురుగుమందుల కొట్టు పెట్టడానికి ఎవరో అడుగుతున్నారట. "ఉగాది దాకా చూస్తాను బాషా. మీకు పనుంటే ఉండండి. ఊరికే తాళం వేసి ఉంచడానికైతే నాకెందుకు, మీకెందుకు?" అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. టేపు మాత్రం చుట్టుకోకుండా అలాగే చేతికి వేలాడేసుకుని వెళ్ళాడు.

ఆ వారమే ప్రేమదాసు వచ్చాడు. మండలంలో ఆడవాళ్ళ పొదుపు సంఘాల పని చూసే మనిషి. స్కూటరు దిగకుండానే మాట్లాడ్డం ఆయనకి అలవాటు.

"బాషా గారూ, సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళందరికీ బీమా కార్డులొస్తున్నాయి. ఎనిమిది వందలమంది దాకా ఉంటారు. మిరపకాయ కోతకి పోయేముందు పొద్దున్నే ఊరివారీగా పంపిస్తాను. ఫోటోలు తీసి సీడీలో పెట్టివ్వాలి."

"ఎనిమిది వందలైతే ఏం, ఎనిమిది వేలైతే ఏం? తీస్తాం."

"తియ్యడం కాదండీ తంటా. అన్నీ ఒకే కొలతలో ఉండాలి. ముఖం ఇంతే ఉండాలి, కళ్ళు ఇక్కడే ఉండాలి, వెనకాల తెల్లగా ఉండాలి. తేడా వస్తే అక్కడి మిషను తీసుకోదంట. ఉగాది ముందు శుక్రవారానికి సీడీ నా చేతిలో ఉండాలి. లేదా, పని గుంటూరు వాళ్ళకి పోతుంది. వాళ్ళు ఆడవాళ్ళందర్నీ గుంటూరు పక్కన నల్లపాడు రమ్మంటారు. అది వీళ్ళ వల్లవుద్దా?"

తాత నోరు తెరిచేలోపు ఉజ్మా "ఇస్తామండీ" అనేసింది. స్కూటరు కదిలాక తాత కూతురితో ఒకటే మాటన్నాడు. "ఇది గట్టెక్కితే గది ఉంటది. లేకపోతే త్రినాథ్‌కి తాళం ఇచ్చేద్దాం."

మొదటి రోజు నడింపాలెం ఆడవాళ్ళు వచ్చారు. తాత తన పద్ధతిలోనే తీశాడు. ఒకరిని దగ్గర్నుంచి, ఒకరిని దూరం నుంచి. ఒకరి కోసం వంగాడు, ఒకరి కోసం పీట ఎక్కాడు. మధ్యాహ్నం ఉజ్మా వాటిని కంప్యూటర్లో పెట్టి ఒక్కొక్కటే కొయ్యడం మొదలుపెట్టింది. సాయంత్రమైనా పావు వంతు కూడా కాలేదు.

"నాన్నా, ఈవిడని మీద పడ్డట్టు తీశావు, ఈవిడని రోడ్డవతల్నుంచి తీశావు. ఎందుకీ తేడా?"

"ఆవిడకి బుగ్గలు లేవమ్మా. దగ్గరికెళ్తే నిండుగా కనపడతది. ఈవిడకి బుగ్గలు తప్ప ఇంకేం లేవు."

"కార్డుకి బుగ్గలతో ఏం పని? అన్నీ ఒకేలా క్రాప్ చెయ్యాలి."

"ఆడవాళ్ళకి క్రాపేంటే, పాపం!"

ఉజ్మా నవ్వలేదు. కుర్చీ లాగి ఆయన్ని పక్కన కూర్చోబెట్టింది. ఒక ఫోటోని తెరిచి, ఎక్కడ కొయ్యాలో కోసి, కొలత మార్చి, దాచిపెట్టి, ఇదంతా కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందని చెప్పింది. ఆ తర్వాత ఒక్క మాట చెబితే చాలట, ఆ గుట్టలో ఎన్ని ఫోటోలుంటే అన్నిటికీ అదే పని అదే వరసలో చేసుకుంటూ పోతుందట. మనం టీ తాగి రావచ్చట. అయితే ముఖాలన్నీ ఫోటోలో ఒకేచోట ఉండాలి.

"లేకపోతే?"

"చూడు."

చూశాడు. నడింపాలెం మొత్తాన్ని కంప్యూటర్ ఒకే దెబ్బకి కోసి పారేసింది. ఒకావిడ ముక్కు కింద నుంచి మొదలైంది. ఒకావిడ కొప్పు మాత్రం మిగిలింది. ఇంకొకావిడ చోట ముఖమే లేదు, వెనకున్న గోడ వచ్చింది. గోడ బాగానే పడింది.

"వీటిని చూస్తే వాళ్ళొచ్చి మనల్ని కోస్తారు" అన్నాడు తాత.

"ఏం కాదు. అసలువి వేరే ఫోల్డర్లో ఉన్నాయి. కోసేది ఎప్పుడూ నకలునే. అసలు జోలికి పోను."

అసలు ఒకటీ నకలు ఒకటీ ఎందుకు, చోటు దండగ అని తాత అంతకుముందే ఒకసారి వెక్కిరించాడు. ఈసారి వెక్కిరించలేదు.

కరెంటు పోయింది. తాత స్టూలు మీద కూర్చుని కెమెరా వైపు చూశాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ మనిషి ఎలా ఉంటే కెమెరా అలా వంగింది. ఇప్పుడు ఈ పిల్ల అడుగుతున్నది దానికి తిరగేత. మనుషులేమన్నా ఇటుకలా, ఒకే అచ్చులో పొయ్యడానికి? కానీ ఇటుకలే కాకపోతే ఈ గోడ నిలబడేలా లేదు.

"కెమెరా కదలకూడదు. అంతేనా?"

"అంతే."

"అయితే మనుషుల్నే కదుపుదాం."

స్టాండు కాళ్ళని ఇటుకల మధ్య ఇరికించి తాడుతో బిగించాడు. కెమెరా వెనకున్న చిన్న తెర మీద ఉజ్మా స్కెచ్ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసింది. ప్రతి మనిషి కళ్ళూ ఆ గీత మీదికి రావాలి. పొడుగువాళ్ళకి స్టూలు చాలు. పొట్టివాళ్ళని ఎత్తాలి. పీటలు వేస్తే ఒక్కసారే మరీ పైకి లేస్తున్నారు. పల్చగా ఉండేవి, ఒకదాని మీద ఒకటి వేసుకోగలిగేవి కావాలి. తాత ఇంటికెళ్ళి వసారాలో మడతపెట్టి ఉన్న గోతాలు ఎత్తాడు.

అమ్మమ్మ ఖాదర్‌బీ చూసింది. "ఆ గోతాలెందుకండీ?"

"ఆడవాళ్ళని ఎత్తడానికి."

"ఈ వయసులోనా?"

తాత గోతాలు భుజాన వేసుకున్నాడు.

"నిరుడు కాయలు నింపిన గోతాలవి. దులుపుకుని వాడుకోండి" అని చెప్పి ఆవిడ లోపలికి పోయింది.

తాత బుద్ధిగా దులిపాడు. రోడ్డు మీద దులిపితే సైకిల్ షాపాయన తిడతాడని స్టూడియో లోపలికి తెచ్చి, తలుపు మూసి మరీ దులిపాడు.

మర్నాటి నుంచీ పని పరుగెత్తింది. నడింపాలెం వాళ్ళని కూడా బతిమాలి మళ్ళీ రప్పించాడు. ఆడవాళ్ళకి అదొక ఆటయింది. కూర్చోగానే తాత గీత చూసి "ఒక గోతం", "రెండు గోతాలు" అని అరిచేవాడు. లేచి, వేసుకుని, మళ్ళీ కూర్చునేవాళ్ళు.

"నాకు మూడంట! ఆస్తిలో వెనకబడ్డా గోతాల్లో నేనే ముందే!"

"పొట్టిదానివి కాబట్టే ఇచ్చాడు, మురిసిపోకు."

"పొట్టిదాన్నయినా కాయ కోతలో నీకంటే ముందుంటా, లేస్తావా లేదా?"

నవ్వులు, దగ్గులు, తుమ్ములు, కొంగుతో ముక్కు తుడుచుకోవడాలు. మిరప కోతల కాలంలో ప్రత్తిపాడులో ముక్కు కారని మనిషెవరైనా కనపడితే, ఏ ఊరు నుంచొచ్చారని అడుగుతారు. ఎవరూ వింతగా అనుకోలేదు. తాతకి కూడా ఏమీ అనిపించలేదు. ఆయన కూడా మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూనే తీశాడు.

యనమదల వాళ్ళు వచ్చిన రోజు, అందరూ ఆటో ఎక్కాక ఒకావిడ వెనకబడింది. సుబ్బరావమ్మ. భర్త పోయి ఏడాది తిరగలేదు.

"అందరూ పోయారా అన్నా?"

"పోయారు. కూర్చో చెల్లెమ్మా, నీదొక్కటే ఉంది."

ఆవిడ కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, కాగితం పొట్లంలోంచి కుంకుమ తీసింది. స్టూడియో అద్దం ముందు నిలబడి వేలితో నుదుట పెట్టుకుంది. తర్వాత వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు తియ్యి."

తాత చెయ్యి కెమెరా మీద ఆగిపోయింది.

"మా పెళ్ళికి ఫోటో తియ్యలేదన్నా. తర్వాత కూడా ఎప్పుడూ దిగలేదు. నాదంటూ ఇదే మొదటిది. మొదటిదే బొట్టు లేకుండా ఎందుకు?" అంది. కుంకుమ పొట్లం మళ్ళీ కొంగులో ముడేసుకుంటూ, "ఊళ్ళో చెప్పకు. కార్డు పెట్టెలో ఉంటది, నేను చూసుకుంటా. తప్పంటావా?"

"తప్పొప్పులు నాకేం తెలుసు చెల్లెమ్మా. బొట్టు మాత్రం కొంచెం పక్కకి పోయింది. దిద్దుకో."

ఆవిడ నవ్వబోయింది. అది నవ్వయ్యేలోపే తాత బటన్ నొక్కాడు. రెండు గోతాల మీద కూర్చుందని ఆయనకి గుర్తు.

బుధవారానికి ఊళ్ళన్నీ అయిపోయాయి. ఉజ్మా గుట్ట మొత్తం కంప్యూటరుకి అప్పజెప్పి, "పద నాన్నా, టీ తాగొద్దాం" అంది. తాత మాటిమాటికీ వెనక్కి చూస్తూ వెళ్ళాడు, పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళినట్టు. తిరిగొచ్చేసరికి పనైపోయింది. ఒక్క నుదురు తెగలేదు, ఒక్క గడ్డం పోలేదు. ఉజ్మా వాటిని చిన్న చిన్న గళ్ళలో తెరంతా పరిచింది. వరసకి వరస, ఊరికి ఊరు. అందరి కళ్ళూ దారం కట్టినట్టు ఒకే గీత మీద.

ఆ కళ్ళన్నీ ఏడుస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే ప్రేమదాసు పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి వచ్చాడు. అలవాటు తప్పి స్కూటరు దిగి లోపలికొచ్చాడు. తెర వైపు చూసి, "ఇవేంటి బాషా గారూ, బీమా కార్డులా, పరామర్శ కార్డులా?" అన్నాడు.

ఎర్రటి కళ్ళు, తడి రెప్పలు, ఎర్రబడ్డ ముక్కులు. ఉజ్మా స్టూలు మీద గోతం తీసి వాసన చూసింది. వరసగా తుమ్మింది. ఆగాక, "నాన్నా, మండలం మొత్తాన్ని తీసుకొచ్చి కారం మీద కూర్చోబెట్టావు" అంది.

"మరి మనకెవరికీ తెలీలేదేంటే?"

"మనకి ఎప్పుడు తెలిసింది గనక?"

ప్రేమదాసు నెత్తి గోక్కుని, "ఇవి తీసుకెళ్తే నన్ను కూడా ఏడిపిస్తారు. శుక్రవారం పొద్దున వస్తా. ఈ ఎరుపు తీసెయ్యండి" అని చెప్పి పోయాడు.

తాత తెర ముందే ఉండిపోయాడు. ఒక్కొక్కరిని చూసినప్పుడు ఆయనకి ఏమీ తేడా కనపడలేదు. ఈవిడ కళ్ళు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాడు. ఎండన పడి పనిచేసే మనిషి, కష్టం చూసిన మనిషి అనుకున్నాడు. అందర్నీ పక్కపక్కన పేర్చాకే ఆ కన్నీళ్ళు గోతాలవని తెలిసింది. ముఖం చూసి మనిషిని చెప్పగలనని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఎన్నింటిని ఇలాగే తప్పుగా చదివాడో! మరి వీళ్ళలో నిజంగా కన్ను తడైనవాళ్ళు ఎవరో ఒకరుండే ఉంటారు కదా, వాళ్ళని ఇప్పుడెలా వెతకడం?

మళ్ళీ రమ్మనడానికి లేదు. కోతల రోజుల్లో పొద్దుటిపూట ఎంత విలువైందో తాతకి తెలుసు. ఉజ్మా గురువారం కూర్చుని ఉపాయం కనిపెట్టింది. ఒక ఫోటోలో ఎరుపు రంగు తగ్గించి, ఆ పనిని గుట్టంతటికీ వదిలింది. కళ్ళు తెల్లబడ్డాయి. ముక్కులు మామూలయ్యాయి. ముఖాలు కూడా కాస్త పాలిపోయాయి గానీ, "తెల్లగా వచ్చామని సంతోషిస్తార్లే" అంది. సీడీ కూడా రాసేసింది.

శుక్రవారం పొద్దున అన్నం క్యారేజీ తెచ్చిన ఖాదర్‌బీ తెర వైపు తొంగి చూసింది. క్యారేజీ బల్ల మీద పెట్టడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏమే, ఊళ్ళకి ఊళ్ళు ఇదేం ఖర్మే? ఒక్కదానికీ బొట్టు లేదు!"

ఎరుపు తుడిచిన చేత్తోనే కంప్యూటర్ కుంకుమ కూడా తుడిచేసింది. ఉజ్మా దగ్గరికి జరిగి చూసింది. నుదుట బూడిదరంగు మచ్చలాంటిదేదో మిగిలింది, అంతే. ముఖం మాడ్చుకుని, "తపాలా బిళ్ళంత ఫోటో అమ్మా. అందులో బొట్టు ఎవరు చూస్తారు?" అంది.

"సుబ్బరావమ్మ చూస్తుంది" అన్నాడు తాత.

ఎవరావిడ అని ఇద్దరూ అడిగారు. తాత చెప్పాడు. చెబుతూ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు, ఆవిడ ఊళ్ళో చెప్పొద్దంది గనక. విన్నాక ఖాదర్‌బీ క్యారేజీ దించింది. ఉజ్మా కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

"పోనీ ఇలా చేస్తా. ముఖాలన్నీ ఒకేచోట ఉన్నాయి కదా. ఒక్క బొట్టు తయారుచేసి అందరికీ ఒకేసారి పెట్టేస్తా."

"ప్రేమదాసు గారి భార్యకి కూడానా? ఆదివారం కార్డు మెళ్ళో వేసుకుని చర్చికి పోద్ది" అన్నాడు తాత.

"అదీ..."

"బొట్టే పెట్టని మన రహమతున్నీసాకి? బొట్టు తీసేసిన పెద్దవాళ్ళకి? ఎవరికుందో ఎవరికి లేదో నీ మిషనుకి తెలీదు. పెడితే అందరికీ పెడతది, తీస్తే అందరికీ తీస్తది."

బయట స్కూటరు చప్పుడైంది. సీడీ బల్ల మీద ఉంది. అది ఇస్తే పని గట్టెక్కినట్టే, గది మిగిలినట్టే. మిషను దాన్ని సంతోషంగా తీసుకుంటుంది. తాత సీడీ తీసి, ఎక్కడ దాచాలో తోచక, స్టూలు మీద పెట్టి దాని మీద తనే కూర్చున్నాడు.

"సీడీ ఏదండీ?" అన్నాడు ప్రేమదాసు.

"సాయంత్రం దాకా ఆగాలి."

"ఏం తేడా వచ్చింది?"

"తేడా ఏం లేదు. అందరూ ఒకేలా ఉన్నారు. అదే తేడా."

ప్రేమదాసుకి అర్థం కాలేదు. ఖాదర్‌బీ ఆయన్ని తెర దగ్గరికి తీసుకెళ్ళి నుదుళ్ళు చూపించింది. ఆయన ఊళ్ళ వెంట తిరిగే మనిషి. ఈ కార్డులు పంచేటప్పుడు ఊళ్ళ నోట్లో పడేది తనేనని ఆయనకి వెంటనే తెలిసింది. "సాయంత్రం ఆఫీసు మూసేలోపు నేను గుంటూరులో ఉండాలి. అది దాటితే నా చేతుల్లో లేదు" అని చెప్పి బయట బల్ల మీద కూలబడ్డాడు.

తాత లేచి తెర ముందుకొచ్చాడు. ఫిల్మ్ రోజుల్లో మచ్చ పడితే ముఖమంతా రుద్దేవాడు కాదు. సన్నటి దూదిపోగుతో మచ్చ ఉన్నచోటే అద్దేవాడు.

"అమ్మాయ్, కళ్ళన్నీ ఒకే గీత మీద ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. నువ్వేగా గోతాలేసి పెట్టింది."

"అయితే ఆ గీత వెంటే తుడిస్తే? పైన నుదుటి జోలికి పోకుండా, కింద పెదాల జోలికి పోకుండా?"

ఉజ్మా తండ్రి వైపు చూసింది. వెంటనే అసలు ఫోటోల ఫోల్డరు తెరిచింది. కోత మళ్ళీ మొదటి నుంచీ. ఈసారి కళ్ళ నుంచి ముక్కు దాకా అడ్డంగా ఒక పట్టీ గీసి, దాని అంచులు తెలియకుండా మెత్తబరిచి, ఆ పట్టీలో మటుకే ఎరుపు తగ్గించింది. ఒకదానికి చేసి చూపించింది. కన్ను తెల్లగా, బొట్టు ఎర్రగా. ఖాదర్‌బీ "ఆఁ, ఇప్పుడు మనిషిలా ఉంది" అంది. ఉజ్మా గుట్టని వదిలింది.

గొట్టిపాడు ఊరి ఫోటోల దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ప్రేమదాసు బల్ల మీంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఖాదర్‌బీ ఆయనకి అన్నం పెట్టింది. తిన్నాక కోపంగా ఉండటం ఆయనకి కష్టమైంది. కరెంటు వచ్చింది. మిగిలిన ఊళ్ళు కూడా అయ్యాయి.

"ఇవ్వండి ఇక, పోతా."

"ఒక్క చూపు చూసి ఇస్తా" అన్నాడు తాత.

"ఎనిమిది వందలమందినా!"

"కోసే పని మిషను చేసిపెట్టిందిగా. చూసే పనైనా మనం చెయ్యాలి గదయ్యా."

ఉజ్మా ఒక్కో ఫోటో పెద్దది చేసి వరసగా పోనిచ్చింది. తాత కళ్ళు చికిలించి చూశాడు. ఇంకో గోతం వెయ్యనని మొండికేసిన ఒక పొట్టావిడ ఫోటోలో పట్టీ కన్ను దాటి బొట్టు సగం తినేసింది. అలాంటివి కొన్ని పక్కకి తీయించి చేత్తో దిద్దించాడు. ప్రేమదాసు మొదట వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత వంగి చూడటం మొదలుపెట్టాడు. "ఈవిడ మీటింగుకి ఎప్పుడూ రాదు, ఫోటోకి మాత్రం వచ్చింది చూడండి." "ఈవిడ సంతకం నేర్చుకుంది మొన్ననే." "మా ఆవిడ! ఇంట్లో నా వైపు ఇలా ఒక్కసారి కూడా చూడలేదు." ఆయనే "ఆగండి, వెనక్కి పోనివ్వండి" అని రెండుసార్లు ఆపించాడు.

సుబ్బరావమ్మ వచ్చింది. బొట్టు ఉంది. దిద్దుకున్నాక కూడా కొంచెం పక్కకే ఉంది. కళ్ళలో ఎరుపు పోయింది. తడి మాత్రం పోలేదు. అది గోతాలదో కాదో తాతకి తెలియలేదు. తెలిసినట్టు నటించలేదు కూడా. ప్రేమదాసు ఆ నుదుటి వైపు చూశాడు, తాత వైపు చూశాడు. ఏదో అనబోయి, "తర్వాతది" అన్నాడు.

సీడీ జేబులో పెట్టుకుని ఆయన స్కూటరు తోలిన తోలుకి సైకిల్ షాపాయన రోడ్డు మీదికొచ్చి చూశాడు. ఆఫీసు మూస్తుండగా అందించాడని రాత్రి ఎవరితోనో కబురొచ్చింది. ఉగాది వెళ్ళాక పక్క మండలం కార్డుల పని కూడా నూర్ స్టూడియోకే వచ్చింది. పురుగుమందులాయన ఎదురు వరసలో కొట్టు చూసుకున్నాడు. త్రినాథ్ వచ్చి ఊరికే కాసేపు కూర్చుని, ఎలాగూ వచ్చానని ఒక ఫోటో దిగి వెళ్ళాడు.

కార్డులు పంచిన కొన్నాళ్ళకి సుబ్బరావమ్మ వచ్చింది. కార్డు కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటన్నా ఇది? అటు నవ్వూ కాదు, ఇటు ఏడుపూ కాదు. చెవికమ్మలు సగమే పడ్డాయి. మా అమ్మ ఇచ్చిన కమ్మలు, అవి కనపడకపోతే ఎట్టా?"

ఉజ్మాకి ఒళ్ళు మండింది. ఆ ఒక్క బొట్టు కోసం శుక్రవారం పూటంతా ఏం పడ్డారో చెప్పడానికి నోరు తెరిచింది. తాత చేత్తో ఆగమన్నాడు.

"కార్డుకి అంతేలే చెల్లెమ్మా. కొలత ప్రకారం కొయ్యాలి."

"కార్డు సంగతి వదిలెయ్. దాన్ని పెట్టెలో పెట్టుకుంటా. నాకు విడిగా ఒకటి తీసిపెట్టు. పెద్దది. గోడకి తగిలించుకునేది."

"గోడకా?" అన్నాడు తాత. "అందరూ చూస్తారు మరి."

ఆవిడ కార్డు తిరిగి కొంగులో ముడేసుకుంది. ఆ ముడి బిగించడానికి చాలాసేపు పట్టింది.

"చూడనీ" అంది.

తాత స్టాండు కాళ్ళ దగ్గర బిగించిన తాడు విప్పాడు. కెమెరాని చేతిలోకి తీసుకుని, దగ్గరికి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, వంగాడు, పీట ఎక్కాడు. సుబ్బరావమ్మ అద్దం ముందుకి వెళ్ళొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బయట ఇద్దరు కాలేజీ పిల్లలు పాస్‌పోర్ట్ ఫోటోల కోసం వచ్చి నిలబడ్డారు. ఉజ్మా గుమ్మంలోకి వెళ్ళి, "చాలా టైం పడుతుంది, టీ తాగి రండి" అని చెప్పి తలుపు దగ్గరికి వేసింది.